చీనా మిస్త్రీ గుర్రానికి వేసిన రంగు

వాల్తేరులో బండి కదిలింది గురువారం సాయంత్రం నాలుగు గంటల ముప్పై ఐదు నిమిషాలకు. ఖరగ్‌పూర్ చేరింది మరునాడు ఉదయం ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలకు, అంటే యాభై ఐదు నిమిషాలు ఆలస్యంగా. దూరం ఏడు వందల అరవై నాలుగు కిలోమీటర్లు. మూడవ తరగతి టిక్కెట్టు ఇరవై రెండు రూపాయల నలభై పైసలు. నా సంచిలో రెండు జతల బట్టలు, పది రెట్లు పెంచి చూపే భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, మూడు గాజు సీసాలలో ద్రావకాలు, దూది, సన్నని కత్తి ఉన్నాయి. వెళ్లింది ఒక మట్టి గుర్రాన్ని చూడడానికి. తిరిగి వచ్చి నేటికి పదకొండు రోజులు. కోపం తగ్గాక వ్రాద్దామని ఆగాను. తగ్గలేదు కనుక వ్రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలోని ఒక రంగుల కర్మాగారంలో రసాయనజ్ఞుడిని. పూత ఎందుకు పగిలింది, ఎందుకు పొక్కింది, ఎందుకు పొడిగా రాలుతోంది అని అడుగుతూ రోజుకు పది ఉత్తరాలైనా వస్తాయి. పదింటికీ ఆ రోజే సమాధానం పంపడం నా అలవాటు. ఆ అలవాటును గురించి చాలాకాలం గర్వపడ్డాను.

మా అక్క పైడమ్మ భర్త అప్పలస్వామి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. రైలుపెట్టెలకు రంగు వేయడం ఆయన పని. గత నెలలో ఆయన వద్ద నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "మలంచాలో వడ్రంగం సేసే సీనా మిస్త్రీ మట్టిగుర్రం ఒకటి ఆరేళ్ల నుంచి మనింట్లో ఉన్నాది. మూరెడు లోపు ఎత్తు. మట్టి తెల్లగుంటాది, కుండలాగ ఎర్రగుండదు. మిస్త్రీ వోళ్లయ్య సీనాలో రైలుదారి తవ్వేకాడ కూలికెళ్తే దొరికినాదంట. మిస్త్రీ పోయినాడు. ఆయన కూతురు ఆదివారం పట్టుకెళ్లడానికి వొస్తాది. ముందరికాలు మీద సన్నగా బీట ఉన్నాది. నువ్వొచ్చి అతికించి పెట్టు బావా."

ఆ ఉత్తరం చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. తెల్లని మట్టి, రైలుదారి తవ్వకం, గుర్రం: ఈ మూడూ ఒకేచోట కలిస్తే దాని అర్థం నాకు తెలుసు. పన్నెండు వందల ఏళ్ల క్రితం చీనా దేశపు ప్రభువులు చనిపోతే వారి సమాధులలో మట్టి గుర్రాలను ఉంచేవారు. కొన్నింటికి గాజుపూత వేసి కాల్చేవారు. మరికొన్నింటిని కాల్చిన తరువాత జిగురులో కలిపిన రంగులతో చిత్రించేవారు: ఇంగిలీకపు ఎరుపు, సిందూరపు నారింజ, రాతి ఆకుపచ్చ, మసి నలుపు. ఈ శతాబ్దం మొదట్లో అక్కడ రైలుదారి కోసం గుట్టలు కోసినప్పుడు అవి కుప్పలుగా బయటపడ్డాయి. సమాధి వస్తువును అక్కడివారు ఇంట్లో ఉంచుకోరు కనుక అయినకాడికి పోయాయి. నేను వాటిని పుస్తకాలలోని బొమ్మలుగా మాత్రమే చూశాను. అంత పాత పూతను, దానిని వేసిన కుంచె జాడతో సహా, నా భూతద్దం కింద చూడగలనన్న ఆశతో బయలుదేరాను. అక్కను చూసి తొమ్మిదేళ్లయిందన్న సంగతి బండి ఎక్కాక గుర్తుకు వచ్చింది.

గోల్ బజార్

స్టేషనుకు బావ సైకిలుతో వచ్చాడు. నా సంచిని హ్యాండిలుకు తగిలించి బజారు మీదుగా నడిపించాడు. టీ పదిహేను పైసలు. చిన్న మట్టి ముంతలో పోసి ఇస్తారు, తాగి ముంతను నేలకేసి కొడతారు. మా వైపు గాజు గ్లాసును కడిగి వందమందికి ఇస్తారు. ఇక్కడివారు మట్టి పాత్రను ఒక్క టీకి మించి నమ్మరు.

టీ కొట్టు పక్కనే ఒక వృద్ధుడు గోనెపట్టా మీద జానెడు మట్టి గుర్రాలను వరుసగా నిలబెట్టి అమ్ముతున్నాడు. ఎర్రమట్టి, నిలువు మెడ, ముడుచుకున్న చెవులు. ఊరి దేవతకూ పీరు సమాధికీ కూడా వీటినే మొక్కుకుంటారట. ఒకటి ఇరవై పైసలు. "వానలో నిలుస్తుందా?" అని హిందీలో అడిగాను.

"థాక్‌బే కేనో, దాదా?" అన్నాడు వృద్ధుడు, నా ప్రశ్నే తెలివితక్కువదన్నట్టు.

"ఎందుకు నిలవాలి అంటన్నాడు," అన్నాడు బావ నవ్వుతూ. "మొక్కిన గుర్రం దేవుడు ఎక్కేస్తాడు గదా బావా. పాతబండి దేవుడికెందుకు? ఏటేటా కొత్తదే."

ద్రావకాలను ముందు దేని మీదనైనా పరీక్షించాలి కనుక ఒకటి కొన్నాను. సంచిలో పెట్టిన పావుగంటకే దాని చెవి ఒకటి విరిగింది.

న్యూ సెటిల్‌మెంట్

రైల్వే క్వార్టర్ల వరుసలో మా అక్క ఇల్లు చివరి నుంచి మూడవది. వీధిలో సగం మాటలు శ్రీకాకుళం మాటలు, పావు బెంగాలీ, మిగిలినవి రైల్వే ఇంగ్లీషు. అక్క గుమ్మంలోనే నిలదీసింది.

"తొమ్మిదేళ్లలో అక్క పిలిస్తే రానేదు, గుర్రం పిలిస్తే వొచ్చినావు. కాళ్లు కడుక్కో."

చేపల పులుసు వడ్డించింది. చింతపండు మన పద్ధతి, అందులో ఆవముద్ద బెంగాలీ పద్ధతి. ఈ రెండూ ఒకే గిన్నెలో ఇముడుతాయని నేను అనుకోలేదు. బాగుంది. చివరికి ఆ యాత్రలో నేను ప్రశాంతంగా తిన్న భోజనం అదొక్కటే.

చేయి కడుక్కున్నాక బావ దేవుడి పటాల పక్కనున్న అలమరలోంచి ఒక మూట దించి, బల్ల మీద నిలబెట్టి, పాత పంచె విప్పాడు.

గుర్రం రైలుపెట్టెలా మెరిసింది.

ఒళ్లంతా పెట్టెలకు వేసే ముదురు ఎరుపు. డెక్కలకు వెండి రంగు. జీనుకు జెండా ఆకుపచ్చ. జీను అంచు చుట్టూ మూడు మిల్లీమీటర్ల పసుపు గీత, ఎక్కడా వణకలేదు. పైన వార్నిషు. అంత శుభ్రమైన కుంచె పని నేను అరుదుగా చూశాను. అందుకే మరింత మండింది. బోర్లించి చూస్తే పొట్ట కింద తెల్లని అక్షరాలు, వర్క్‌షాపులో బాగుచేసిన వ్యాగనుకు కొట్టినట్టే: ఊరి పేరు, నెల, సంవత్సరం. ఒకదాని కింద ఒకటి ఆరు తేదీలు.

"ఎలాగుంది బావా?" అన్నాడు. ఆయన ముఖంలో ఒక్క అనుమానపు ఛాయ కూడా లేదు.

"దీని రంగేది?"

"ఇదే గదా!"

"ఇది నీ రంగు. దీని సొంత రంగేది?"

"ఓ, అదా! సచ్చిపోయిన రంగది. ముట్టుకుంటే సేతికి అంటుకునేది. గీకేసినాను."

ఎప్పుడు, దేనితో, ఎంత లోతుగా అని అడిగాను. పనితనం ఉన్నవారు తమ పనిని గురించి చెప్పినట్టే, ఏ మెట్టునూ వదలకుండా చెప్పాడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో విశ్వకర్మ పూజ అంటే ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పండుగ. ఆ రోజుకు ప్రతి యంత్రాన్నీ, ప్రతి పనిముట్టునూ తోమి, రంగు వేసి, బొట్టు పెడతారు. పనివారి ఇళ్లలోని సైకిళ్లకూ కుట్టుమిషన్లకూ కూడా అదే మర్యాద. గుర్రం ఇంటికి వచ్చిన మొదటి పూజకు దానినీ సిద్ధం చేశాడు.

"మిస్త్రీ ఎల్లిపోతా ఒక్క మాటే సెప్పినాడు. అప్పలసామీ, దీనికి నీరు తగలనీకు అని. అందికే తడి ఎట్టకుండా ఎండు సేండుపేపరుతో గీకినాను, మట్టి తేలేదాకా. ఆనక సిందూరం ప్రైమరు ఒక కోటు, అండరుకోటు ఒకటి, పైరంగు రెండు, వార్నీసు. ప్రతేడూ పూజకి ఒక కోటు. ఇప్పుడు వానలో నిలబెట్టినా దీనికి సుక్క నీరు తగల్దు."

మిస్త్రీ ఎందుకలా అన్నాడో నాకు వెంటనే తెలిసింది. జిగురులో కలిపిన రంగు తడి తగిలితే కరిగిపోతుంది. ఇంగిలీకమూ ఆకుపచ్చా బురదనీళ్లయి కారిపోతాయి. దానిని తడిగుడ్డతో తుడవవద్దని మిస్త్రీ భావం. కానీ ముప్పై ఏళ్లుగా రైలుపెట్టెలను వానల నుంచి కాపాడుతున్న మనిషితో నీరు తగలనీకు అంటే, ఆయనకు తెలిసిన మార్గం ఒక్కటే. ఇచ్చిన మాటను తన చేతిలోని విద్యనంతా పెట్టి నిలబెట్టుకున్నాడు.

ఇదంతా ఇప్పుడు ఇంత నిదానంగా వ్రాస్తున్నాను గాని అప్పుడు అరిచాను.

"పన్నెండు వందల ఏళ్లు మట్టిలో నిలిచినదానిని ఒక్క మధ్యాహ్నంలో గీకేశావు! అది రంగనుకున్నావా? అదే గుర్రం! మిగిలింది ఉత్త మట్టి. నీ చేతికి ఏది దొరికినా అది రైలుపెట్టేనా?"

బావ అక్క వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపును గమనించాను. దాని అర్థం వెతకలేదు.

"పక్క క్వార్టరోళ్లు ఇంటన్నారు, గొంతు దించు," అంది అక్క. "తోక నాను ఎట్టినాను. దానికీ తిట్టు."

గుర్రం వెనుక ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం ఉంది. తోక లేని జంతువును ఇంట్లో ఉంచకూడదని అక్క తన పాత సవరంలోంచి ఒక పాయ తీసి అందులో బిగించింది. చెప్పవలసిన సత్యం ఏమంటే, ఆ రంధ్రం ఉన్నది అందుకే. ఆ కాలపు గుర్రాలకు నిజమైన వెంట్రుకల తోకను అమర్చేవారు. ఆ ఇంట్లో ఆ గుర్రానికి జరిగిన సరైన పని అదొక్కటే. నేను ఆ మాటా చెప్పలేదు. కోపంలో ఉన్నాను.

సాయంత్రం వరకు ద్రావకాలతో పనిచేశాను. ఎడమ వెనుక డెక్క మీద నాణెమంత మేర వెండి రంగు కరిగింది, దాని కింద ఎరుపు, దాని కింద సిందూరం, దాని కింద తెల్లని మట్టి. మట్టికీ సిందూరానికీ నడుమ ఏమీ లేదు. ఇంకో విషయం నన్ను నిజంగా ఏడిపించింది. ప్రాచీన చిత్రకారుడు నారింజ రంగుకు వాడిన పదార్థమూ, రైల్వే ప్రైమరూ రసాయనికంగా ఒకటే, సీసపు సిందూరం. ఎక్కడైనా అసలు నారింజ రవ్వ మిగిలి ఉన్నా నేను దానిని ప్రైమరు నుంచి వేరుచేసి చూపలేను.

హిజ్లీ

శనివారం ఉదయం బావ సైకిలు తీసుకుని, ఎనిమిది పూత పెచ్చులను కాగితపు పొట్లాలలో కట్టుకుని, హిజ్లీలోని సాంకేతిక విద్యాలయానికి వెళ్లాను. విశాలమైన రోడ్లు, తరగతులకు పరుగెత్తే సైకిళ్లు. తెల్లదొరల కాలంలో అక్కడ మనుషులను బంధించి ఉంచేవారు. ఆ పాత భవనం ఇంకా ఉంది. అటు చూస్తూ పోయి ఒక కుర్రవాడి సైకిలును ఢీకొట్టాను. మోకాలు చెక్కుకుపోయింది, పంట్లాము చిరిగింది.

మా కర్మాగారంలో ఒకప్పుడు శిక్షణ పొందిన వరంగల్లు యువకుడొకరు అక్కడ అధ్యాపకుడు. సూక్ష్మదర్శిని ఇప్పించి, పక్కనే కూర్చుని, భోజనశాలలో పెట్టే తియ్యని పప్పును గురించి వాపోయాడు. "పప్పుల చక్కెర ఏస్తరన్నా! ఇంటికి పోయినప్పుడు మిరపకాయ తొక్కు సీసా తెచ్చుకుంటే నా రూములకు లైను కడ్తరు."

నేను పెచ్చులను నిలువుకోతగా అమర్చి పొరలను లెక్కించాను. ఏడు పెచ్చులలో ఒకే కథ: వార్నిషు, ఎరుపు, ఎరుపు, వరుసగా ఆరేళ్ల పూతలు, చివర సిందూరం, దాని కింద మట్టి. మట్టి మీద గరుకు కాగితపు గీతలు కూడా కనిపించాయి. అన్నీ ఒకే దిశలో, సమాన దూరంలో. అంత ఓపికగా గీకాడు.

ఎనిమిదవ పెచ్చు కుడి ముందరికాలి వెనుక, పొట్టను కలిసే మడతలోనిది. వేలు దూరని చోటు. అందులో సిందూరం కింద ఆకుపచ్చని రేణువులు ఉన్నాయి. మలకైటు రాయిని నూరిన ఆకుపచ్చ. అది వెలుతురులో మెరిసింది. ఆ మడతలో మిగిలిన మేరను ఆ సాయంత్రం పై పూతలు తీసి కొలిచాను: ఆరు మిల్లీమీటర్ల పొడవు, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు.

"గట్ల గీకుమని ఎవ్వలు చెప్పిన్రన్నా ఆయినకు?" అని అడిగాడు అధ్యాపకుడు.

"ఎవరూ చెప్పలేదు," అన్నాను. "చెప్పేవారు లేకనే ఇలా అయింది."

తిరిగి న్యూ సెటిల్‌మెంట్

ఇంటికి చేరి, చిరిగిన పంట్లాముతోనే, గుమ్మంలో నిలబడి మళ్లీ మొదలుపెట్టాను. పని మొదలుపెట్టే ముందు తెలిసినవారిని అడగాలన్న ఇంగితం లేకపోయిందన్నాను. పది పైసల కాగితం మీద నాకొక ముక్క వ్రాస్తే సరిపోయేదన్నాను.

బావ సైకిలు చక్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. అక్క వంటగదిలోంచి వచ్చింది. చేతులు తుడుచుకుని, ఇనప్పెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి ఒక ఇన్‌లాండు ఉత్తరం తీసి నా ముందు పెట్టింది.

"ఒద్దే," అన్నాడు బావ.

"నిన్నట్నుంచి తిడతన్నాడు. పడతన్నావు. సాలింక," అంది అక్క. "ఒరే, సదువు."

దస్తూరీ నాది. అయిదేళ్ల కిందటిది.

"మీరు వ్రాసిన సామాను విషయం. పొడిగా రాలుతున్న పాత పూతపై కొత్త పూత నిలవదు. పాతదానిని మూల పదార్థము కనిపించువరకు సంపూర్ణముగా తొలగించవలెను. తడి తగలరాదంటున్నారు గనుక పొడి గరుకు కాగితమును వాడుడు. పిదప సిందూర ప్రైమరు. ఈ క్రమమును తప్పరాదు."

అప్పుడు గుర్తుకు వచ్చింది. బావ ఆ రోజు నాకు గుర్రమని వ్రాయలేదు. చదువుకున్న బావమరిదికి బొమ్మను గురించి వ్రాయడానికి సిగ్గుపడి, ఒక పాత సామాను అని వ్రాశాడు. ఆ సామాను ఏమిటని నేను అడగలేదు. ప్రశ్న పూతను గురించి, సమాధానమూ పూతను గురించే. ఆ రోజు పది ఉత్తరాలలో అదొకటి. అక్క ఎలా ఉంది అన్న వాక్యం కూడా అందులో లేదు.

"తొమ్మిదేళ్లలో నువ్వు రాసిన ఉత్తరం ఇదొక్కటే," అంది అక్క. "అందికే దాసినాను. ఈయన అక్షరం అక్షరం సదువుకుని సేసినాడు. మా బావమరిది సెప్పినాడు అని సాపులో అందరికీ సెప్పుకున్నాడు."

"నిన్న ఎందుకు చెప్పలేదు?" అని బావను అడిగాను.

"దూరం నుంచి వొచ్చినావు," అన్నాడు. "అప్పుడే ఎందుకని."

నాకు ఆయన మీద మళ్లీ కోపం వచ్చింది. ఈసారి దానికి కారణం ఏదీ లేదు. కారణం లేదని తెలిసి ఇంకా పెరిగింది.

మలంచా

ఆదివారం ఉదయం బావ నన్ను మలంచా రోడ్డుకు తీసుకెళ్లాడు. చీనా మిస్త్రీ అక్కడ ఒక రేకుల షెడ్డులో ఉండేవాడు. వర్క్‌షాపుకు టేకు పని చేసిపెట్టేవాడు, ఇళ్లకు మంచాలూ బీరువాలూ చేసేవాడు. గుర్రం సమాధి వస్తువని ఆయన తల్లి దానిని ఇంటి గడప దాటనివ్వలేదట. అందుకని పనిచేసే బల్లకు ఎదురుగా, వాన పడని మూల నిలబెట్టాడు. ఇప్పుడు ఆ షెడ్డులో ఎవరో బొగ్గు అమ్ముతున్నారు. మణుగు ధర పలకమీద సుద్దతో వ్రాసి ఉంది. బల్ల లేదు. ఉలులు, రంపాలు, చిత్రికలు ఏమయ్యాయని అడిగాను.

"ఏలం ఏసినారు," అన్నాడు బావ. "మిస్త్రీ ఉలి ఒక్కోటి రెండు రూపాయలకి ఎల్లిపోయినాది."

చీనాతో యుద్ధం జరిగిన ఆ చలికాలంలో, ఒక పగటిపూట, పోలీసు బండి వచ్చింది. మిస్త్రీ పుట్టింది కలకత్తాలో. ఆయన కూతురు పుట్టింది ఈ షెడ్డు వెనుక గదిలో. రాజస్థానంలోని శిబిరానికి పోవాలి, సర్దుకోండి అన్నారు. బావ ఆ సమయానికి ఒక కుర్చీకి విరిగిన కాలు వేయించుకోవడానికి అక్కడికి వెళ్లి ఉన్నాడు.

"పదిహేను నిమిషాలు టైమిచ్చినారు. గడియారం సూస్తా నిలబడినాడు జమాదారు. దుప్పట్లు కట్టినారు, బియ్యం కట్టినారు. ఆఖర్న మిస్త్రీ గుర్రాన్ని తెచ్చి నా సేతుల్లో ఎట్టినాడు. నీరు తగలనీకు అన్నాడు. ఇంకేదో సెప్పబోయినాడు. బండెక్కు, బండెక్కు అని తోసేసినారు."

ఆ ఇంకేదో ఏమిటో నాకు తెలుసు. రంగు జిగురులో కలిపినది. తుడవకు, గీకకు, ఏమీ చేయకు. చెప్పడానికి అర నిమిషం పట్టే మాట. గోడలు కడిగినా పోని బొగ్గుమసి మధ్య నిలబడి, ఒక వడ్రంగికి ఆ అర నిమిషం మిగల్చని వారిని నాకు తెలిసిన అన్ని భాషలలోనూ తిట్టాను. బొగ్గు దుకాణదారు మమ్మల్ని పొమ్మన్నాడు.

ఆదివారం, పదకొండు గంటల ఇరవై నిమిషాలు

మిస్త్రీ కూతురి పేరు సుయ్‌లాన్. న్యూ సెటిల్‌మెంట్ ఆ పేరును ఎప్పుడో సులోచనగా మార్చుకుంది. ఇప్పుడు ఇరవై రెండేళ్లు, కలకత్తాలో ఒక చెప్పుల దుకాణంలో పని. చీనా సంతతి కనుక కలకత్తా దాటి నూట పదహారు కిలోమీటర్లు రావడానికి అనుమతి కాగితం కావాలి. ఆరేళ్లకు దొరికింది, ఒక్క రోజుకు. సాయంత్రం బండికి తిరిగి వెళ్లాలి.

"పిన్నమ్మా, ఎలాగున్నావే?" అంటూ వచ్చి అక్కను పట్టుకుంది. ఆమె తెలుగు మా అక్క తెలుగే. అన్నం తినమంటే తరువాత అంది. "బాబాయ్, గుర్రమేది?"

బావ బల్ల మీద పెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది. తోకను పట్టుకుని, "ఇదేటిది?" అంది.

"నా సవరమే," అంది అక్క.

సులోచన ఒక్క క్షణం నవ్వింది. తరువాత జీను మీద వేలితో వెతికింది. "ఇక్కడ పువ్వులుండేవి. తెల్లవి ఐదు. నాన్న పని ఆపి టీ తాగినప్పుడల్లా వాటినే సూసేవోడు. శిబిరంలో జొరం వొచ్చినప్పుడు గూడా పువ్వులు రాలిపోతాయేమో అన్నాడు. ఏవీ?"

"నానే గీకేసినానమ్మా," అన్నాడు బావ వెంటనే. "నా తెలివితక్కువ."

ఆయన అలా అంటాడని నాకు తెలుసు. అందుకే ఉత్తరాన్ని ముందే జేబులో పెట్టుకున్నాను. తీసి ఆమెకు ఇచ్చాను. ఆమెకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. "సదివి ఇనిపించండి దాదా," అంది. చదివాను. తొలగించవలెను, వాడుడు, తప్పరాదు. ఆ గదిలో ఆ మాటలు అలా వినిపించాయి. ముగించి, వ్రాసింది నేనే అని చెప్పాను.

"గుర్రమని తెల్దా మీకు?"

"తెలియదు. అడగలేదు."

భూతద్దం ఇచ్చి, ముందరికాలి మడతలోని ఆకుపచ్చను చూపాను. నిన్న సాయంత్రం దాని మీది పూతలను దూదితో కరిగించి తీశాను. ఆమె దానికి కన్ను ఆనించి ఎంతసేపు ఉందో నేను కొలవలేదు. తరువాత గుర్రాన్ని బోర్లించి, పొట్ట కింది తేదీలను వేలితో తడుముతూ చదివింది. "ఇది మేం లోపలున్న ఏడు. ఇదీ లోపలే. ఇది నాన్న పోయిన ఏడు." బావ తల దించుకున్నాడు.

పాత బొమ్మలు చూసి జీను మీద మళ్లీ పువ్వులు వేయించగలనని, ఖర్చంతా నాదేనని అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

"ఒద్దు," అంది. గొంతు పెరగలేదు. "ఇంక దీనికి ఎవరూ ఏటీ ఎయ్యొద్దు. ఏటీ తియ్యొద్దు. బాబాయ్ ఏసిన ఎరుపు గూడా తియ్యొద్దు. కాలు అతికించొద్దు. ఎలాగుందో అలాగ ఇచ్చెయ్యండి."

పాత పంచెలోనే చుట్టుకుంది. అన్నం తిన్నది అక్క పోరితే, నాలుగు ముద్దలు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి నా వైపు తిరిగింది.

"దాదా, మా నాన్నకి పదిహేను నిమిషాలు ఇచ్చినారు. ఆ ఉత్తరం రాయడానికి మీకెంత పట్టింది?"

నేను లెక్కవేశాను. ఏ ప్రశ్న అడిగినా లెక్కవేయడం నా అలవాటు. కానీ ఆమెకు చెప్పలేదు. ఆమె కూడా ఆగలేదు. బావ సైకిలు నడిపిస్తూ, మూటను ఒక చేత్తో పట్టుకుని, ఆమె పక్కన స్టేషను వైపు వెళ్లాడు.

ఖర్చులు, నష్టాలు

రైలు, రానూపోనూ: నలభై నాలుగు రూపాయల ఎనభై పైసలు.
టీలు, టిఫిన్లు: మూడు రూపాయల అరవై పైసలు.
పీరు గుర్రం: ఇరవై పైసలు. ఒక చెవి విరిగింది, మిగిలినది తిరుగు ప్రయాణంలో నుజ్జయింది.
పంట్లాము: ఒకటి.
ద్రావకాలు: రెండు సీసాలు పూర్తిగా, మూడవది సగం.
జీను మీది పువ్వులు: ఐదు. మిగిలినవి లేవు.
పాత రంగులో మిగిలినది: ఇరవై నాలుగు చదరపు మిల్లీమీటర్లు.
ఉత్తరం వ్రాయడానికి పట్టిన సమయం: ఆరు నిమిషాలు.